పూల టెంపోలో పాటకు పోయినాము

మా తమ్ముడు ఫోన్ చేసినప్పుడు నేను బెంగుళూరులో బడిపిల్లల చేత పాట సాధన చేయిస్తున్నాను. టెంపోను పాత ఇనుము వాళ్ళకు ఇచ్చేస్తున్నామని చెప్పాడు. "చూడాలంటే ఆదివారం లోపల రా అక్కా, ఆనక ఉండదు," అన్నాడు. తుప్పు పట్టిన డబ్బాలో చూడడానికి ఏముందని పైకి విసుక్కుంటూనే శనివారం పొద్దున హోసూరు బస్సెక్కేశాను. అక్కడ దిగి ఇంకో బస్సు పట్టుకుని, డెంకణికోట దాటి మా ఊరి మలుపు తిరిగేసరికి అది షెడ్డు పక్కన కనిపించింది. చక్రాలు తీసేశారు. నాలుగు వైపులా రాళ్ళు పెట్టి కూర్చోబెట్టారు. వెనక తలుపు లాగి లోపలికి తల పెట్టాను. పూలు మోయడం మానేసి ఎన్నేళ్ళయిందో, తడి గోనెల వాసన, చామంతి కాడల చేదు వాసన ఇంకా వదల్లేదు. ఆ వాసనతో నాకు గుర్తొచ్చేది పూల మార్కెట్టు కాదు. మా ఇంటిల్లిపాదీ ఆ టెంపోలో కూర్చుని నా పాట వినడానికి బెంగుళూరు వచ్చిన రోజు.

ఆ రోజుల్లో మా ఇంట్లో పొద్దు పూలతోనే నడిచేది. ఎండ చల్లబడ్డాక కోత, సాయంత్రం నడవలో గోనెల మీద పసుపు కుప్పలు, దీపం పెట్టే వేళకు గంపలు కట్టడం. అమ్మ కనకాంబరాలు కట్టేటప్పుడు చేతుల వైపు చూసేదే కాదు. కళ్ళు పొయ్యి మీద పులుసును చూస్తుండేవి, నోరు మమ్మల్ని తిడుతుండేది, వేళ్ళు వాటి పని అవి చేసుకుపోయేవి. మా అవ్వ, అంటే నాయన తల్లి, తడిగుడ్డ పట్టుకుని గంపల చుట్టూ తిరుగుతూ పసిబిడ్డకు జ్వరం చూసినట్టు ఒక్కో గంపలో చెయ్యి పెట్టి చూసేది. నాయన తెల్లారకముందే టెంపో తీసుకుని వెళ్ళి, మేము సంగటి ముందు కూర్చునే వేళకు వెన్న బిస్కెట్ల పొట్లంతో తిరిగొచ్చేవాడు. మా ఇంటి మటుకు బెంగుళూరు అంటే తెల్లారేలోగా ముగిసిపోయే ఊరు. సూర్యుడు వచ్చాక అక్కడేం జరుగుతుందో మాలో ఎవరికీ తెలియదు, అన్నేళ్ళు వెళ్ళొచ్చిన నాయనకు కూడా.

ఇక గొంతుల సంగతి. మావి అడవి అంచు చేలు. రాగి కంకి పట్టే కాలానికి ఏనుగులు దిగుతాయి. వాటిని అదిలించే గొంతులు కాబట్టి మా వంశంలో మెల్లగా మాట్లాడే మనిషి పుట్టలేదు. అవ్వ గట్టు మీద నిలబడి నన్ను అన్నానికి పిలిస్తే పక్క ఊరి కుక్కలు పలికేవి. ఆ గొంతు కొడుకును దాటేసి నేరుగా నాకు వచ్చింది. గొప్పలు చెప్పుకుంటోందని అనుకుంటే అనుకోండి. మిగతా విషయాల్లో ఎంతైనా తగ్గుతాను గానీ, గొంతు విషయంలో నాకు వినయం లేదు, ఆ వయసులో అసలే లేదు.

చేలో పాటకు మా వైపు ఒక కట్టుబాటు ఉండేది. రాగి చేలో కలుపు తీసేటప్పుడు వరసలో ఒకరు పాట ఎత్తుకుంటారు. ఆ చరణం ముగిసీ ముగియకముందే మిగిలినవాళ్ళు అందుకోవాలి. ఎవరూ అందుకోకపోతే పాట కింద పడిందంటారు. అంతకంటే అవమానం లేదు, ఎత్తుకున్నవాళ్ళకు కాదు, విని ఊరుకున్నవాళ్ళకు. పక్క చేలో ఉన్నా సరే, వినిపించిందంటే అందుకోవలసిందే. అవ్వకు ఒక తోడికోడలు ఉండేది. మేము చిన్నవ్వ అనేవాళ్ళం. ఏదో గట్టు తగాదాతో ఇద్దరికీ మాటలు లేవు. పెళ్ళిలో ఎదురుపడినా ఒకరు తూర్పు, ఒకరు పడమర చూసేవాళ్ళు. కానీ చేలో అవ్వ "కొండమీది మబ్బమ్మా, కొంచెమాగి పోవమ్మా" అని ఎత్తుకుంటే, గట్టు అవతల నుంచి "ఆగి పోవమ్మా, మా చేను తడిపి పోవమ్మా" అని అందరికంటే ముందు అందుకునేది చిన్నవ్వే. పాట అయిపోగానే మళ్ళీ మొహం తిప్పుకునేది. మాకు ఇందులో వింతేమీ కనిపించేది కాదు.

నేను చదివింది హోసూరులో. పొద్దున్నే బస్సులో కిటికీ పక్క సీటు కోసం పోట్లాట, బడిలో తమిళం, బజారులో కన్నడం, ఇంటికొస్తే తెలుగు. తొమ్మిదో తరగతిలో కొత్తగా వచ్చిన గ్రేస్ టీచర్ కొయర్ మొదలుపెట్టింది. అందరూ కలిసి ఒకే గొంతుగా పాడాలి, ఏ గొంతూ విడిగా వినిపించకూడదు. నన్ను మొదట ముందు వరసలో నిలబెట్టింది, తరువాత మధ్య వరసలో, తరువాత చివరి వరసలో. అక్కడా కుదరలేదు. "నిన్ను ఇంకా వెనక్కి జరపాలంటే గోడ పగలగొట్టాలి," అంది తమిళంలో. ఒకనాడు సాధన మధ్యలో విరామం ఇచ్చి, మీ ఇళ్ళల్లో పాడుకునే పాటలు పాడండి అంది. నేను మబ్బమ్మ పాట పాడాను. టీచర్ కుర్చీలో నుంచి లేచి వచ్చి మళ్ళీ పాడమంది. తెలుగు రాదు గనుక మాటలు తమిళ అక్షరాల్లో రాసుకుంది.

ఆమె దాన్ని కొయర్‌కు తగ్గట్టు మలిచిన తీరు నాకు ఇప్పటికీ నచ్చుతుంది. నేను ఒక్కదాన్నే మొదటి చరణం ఎత్తుకోవాలి. ఆ తరువాత అంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో నుంచి, దూరం నుంచి వాన వస్తున్నట్టు, మిగతా అమ్మాయిలు పెదవులు మూసి సన్నగా రాగం మొదలుపెట్టాలి. ఆ నిశ్శబ్దం మీద టీచర్‌కు ఎంత ప్రాణమో చెప్పలేను. ఎవరైనా దగ్గితే మొత్తం మళ్ళీ మొదటి నుంచి పాడించేది. చేలో కట్టుబాటు సంగతి ఆమెకు చెప్పాలని నాకు తట్టనే లేదు. చేను చేనే, బడి బడే. ఇంట్లో కూడా ఏ పాట పాడబోతున్నానో చెప్పలేదు, అక్కడే విని ఆశ్చర్యపోవాలని.

బెంగుళూరులో చాలా బడుల కొయర్లు కలిసి పాడే కార్యక్రమానికి మాకు పిలుపొచ్చింది. దానితో పాటు ఇంకో మాట కూడా వచ్చింది. అక్కడి కాలేజీలో కొయర్ నడిపే ఒకావిడ ముందే మా సాధన చూసి వెళ్ళింది. పదో తరగతి అయ్యాక నన్ను తన దగ్గర చేర్చుకుంటానని, హాస్టల్లో చోటు ఇప్పిస్తానని, ఇంట్లోవాళ్ళు సరే అంటే చాలని కబురు చేసింది. నాకు అంతకంటే కావలసింది లేదు. సంగటి తింటున్న నాయనకు చెప్పాను. ఆయన పులుసు కలుపుకోవడం ఆపాడు.

"మార్కెట్టుకు పొయ్యే బెంగుళూరు నాకు తెలుసు పాపా. పాటకు పొయ్యే బెంగుళూరు తెలీదు. ఈడైతే నువ్వు ఎత్తుకుంటే మీ అవ్వ ఉండాది, అమ్మ ఉండాది, ఆ గట్టుకాడ చిన్నవ్వ ఉండాది. ఆడ నీ పాట అందుకునేదెవరు?" అన్నాడు.

"ఆడ చానామంది ఉండారు నాయనా."

"ఉండేది జాస్తి మందే. అందుకుంటారా అని నేనడిగేది. వచ్చి చూస్తా. చూసినాక చెప్తా."

అది రాగి కోతల కాలం. అడవిలో ఏనుగుల గుంపు దిగిందని ఊరంతా చెప్పుకుంటున్నారు. అలాంటప్పుడు పగటిపూటైనా సరే, మా నాయన చేను వదిలి వస్తాననడమే పెద్ద సంగతి. పొద్దు గూకేలోగా తిరిగి చేలో ఉండాలన్నది ఒక్కటే ఆయన పెట్టిన షరతు.

నేను కొయర్‌తో పాటు ముందే బడి వ్యానులో వెళ్ళిపోయాను. వాళ్ళ ప్రయాణం నేను చూడలేదు. కానీ అమ్మ దాన్ని అన్నిసార్లు చెప్పింది గనుక, నేనూ వాళ్ళ మధ్య గంప మీద కూర్చుని వెళ్ళినట్టే గుర్తుంది. నాయన టెంపో కడిగి, గోనెల మీద జంబుఖానా పరిచాడట. అవ్వ ఎక్కి కూర్చున్నాక చిన్నవ్వ కొత్త చీర కట్టుకుని వచ్చి, ఎవరినీ చూడకుండా, "పాప పాటంట గదా," అని గాలితో చెప్పి ఎక్కేసిందట. ఆమెను ఎవరూ పిలవలేదు. అవ్వ ఒక మూల, చిన్నవ్వ ఒక మూల, నడుమ అమ్మ, తమ్ముడు, చిత్రాన్నం గిన్నె, ఒలుచుకు తినడానికి ఉడకబెట్టిన అనపకాయల మూట. అత్తిబెలె దాటి బెంగుళూరు లోపలికి వెళ్ళాక నాయన ఒక సిగ్నలు దగ్గర బండి ఆపి, కిటికీలో నుంచి తల బయటపెట్టి, "ఇంతమంది యాడుండ్రు ఇన్నాళ్ళు?" అన్నాడట. ఎండ పడిన బెంగుళూరును ఆయన చూడడం అదే మొదలు.

హాలు లోపలికి తినేవి తీసుకుపోకూడదని వాకిట్లో ఆపేశారు. మా వాళ్ళు పారేసే మనుషులు కాదు, మోసుకుని వెనక్కి వెళ్ళే మనుషులూ కాదు. మెట్ల పక్కన నిలబడి చిత్రాన్నమంతా అక్కడే తినేశారు. అనపకాయలు కాపలాదారుకు కూడా పెట్టారు. అవ్వ కొంగు నిండా చామంతులు తెచ్చింది. వాటిని ఎవరూ ఆపలేదు. తమ వరసలో కూర్చున్న ఆడవాళ్ళందరికీ, ముత్తయిదువా కాదా అని కూడా అడక్కుండా, తలా ఒక పువ్వు పంచిపెట్టింది. నేను వేదిక పక్క తెర సందులో నుంచి ఈ పంపకం చూస్తున్నాను. సందులో నన్ను కనిపెట్టేసిన అమ్మ చూపు నా జడ మీదే ఉండిపోయింది. కొయర్‌లో అందరూ ఒకేలా కనిపించాలని టీచర్ పూలు వద్దంది. పూలు పండించే ఇంటి ఆడపిల్ల తల బోసిగా ఉండడం అమ్మకు ఎంత కష్టమైందో, తరువాత ఏళ్ళ తరబడి ఆ మాట ఎత్తుతూనే ఉండేది.

మా వంతు వచ్చింది. ముందు ఒక ఇంగ్లీషు పాట, ఒక తమిళ పాట పాడాం. మా వాళ్ళు మర్యాదగా కూర్చుని విన్నారు. తరువాత టీచర్ నా వైపు తల ఊపింది. నేను ఒక అడుగు ముందుకు వేసి ఎత్తుకున్నాను. "కొండమీది మబ్బమ్మా, కొంచెమాగి పోవమ్మా." నేర్పినట్టే, మెత్తగా, సగం గొంతుతో. చరణం ముగిసింది. టీచర్ చెయ్యి గాలిలో ఆగింది. హాలంతా నిశ్శబ్దం.

ఆ నిశ్శబ్దం మా అవ్వకు ఎలా వినిపించి ఉంటుందో మీరే ఊహించుకోండి. తన పాట, తన మనవరాలు ఎత్తుకుంది. వెనక అంతమంది ఆడపిల్లలు బొమ్మల్లా నిలబడి ఉన్నారు. ఒక్కరూ నోరు తెరవడం లేదు. పాట కింద పడిపోతోంది. అవ్వ లేచి నిలబడింది. "ఆగి పోవమ్మా, మా చేను తడిపి పోవమ్మా!" ఏనుగుల్ని అదిలించే గొంతు, నాలుగు గోడల మధ్య. ఆ వరస చివర నుంచి రెండో గొంతు లేచింది. చిన్నవ్వది. తరువాత అమ్మ, తమ్ముడు, అందరి కింద నాయన బొంగురు గొంతు. మా వాళ్ళు ఐదుగురూ నిలబడి, చేలో ఉన్నట్టే, నా పాట అందుకున్నారు.

హాలంతా వెనక్కి తిరిగింది. ఎవరో నవ్వారు, ఎవరో ఉష్‌మన్నారు. టీచర్ చెయ్యి అలాగే గాలిలో ఉండిపోయింది. సిగ్గుపడ్డావా అని ఇన్నేళ్ళలో చాలామంది అడిగారు. పడలేదు. నా వాళ్ళు నన్ను ఒంటరిగా వదల్లేదు, అందులో సిగ్గెందుకు? కానీ భయపడ్డాను. ఆడ నీ పాట అందుకునేదెవరు అని నాయన అడిగిన ప్రశ్నకు, ఆయన కళ్ళ ముందే, ఎవరూ లేరన్న జవాబు వచ్చేసింది. ఆ నిశ్శబ్దం టీచర్ కావాలని పెట్టిందని ఆయనకు ఎవరు చెబుతారు? చెప్పినా, అందుకోకపోవడం కూడా పాటలో భాగమేనంటే మా నాయన నమ్ముతాడా?

రెండో చరణం నాదే. ఈసారి సగం గొంతుతో పాడలేదు. మా చేలో గట్టు మీద నిలబడి పాడినట్టు పాడాను. "ఏరు దాటి పోతావా, ఎండబెట్టి పోతావా!" చరణం చివరికి వస్తుంటే అవ్వ ఊపిరి తీసుకుని సిద్ధంగా నిలబడడం కనిపించింది. గ్రేస్ టీచర్ హాలు వైపు చూసింది, నా వైపు చూసింది. ఆ మనిషికి ఏం అర్థమైందో, ఎంత అర్థమైందో నాకు తెలియదు. ఎన్నో వారాలు కాపాడుకున్న తన నిశ్శబ్దాన్ని పక్కన పెట్టి, ఆగి ఉన్న చేతిని ఒక్కసారిగా కిందికి దించింది. నా వెనక ఉన్న అమ్మాయిలంతా, తమిళ నాలుకలతో, కన్నడ నాలుకలతో, గొంతులు విప్పి అందుకున్నారు. "ఆగి పోవమ్మా, మా చేను తడిపి పోవమ్మా!" అవ్వ ఒక్క క్షణం విని, కొంగు సర్దుకుని కూర్చుంది. ఆ తరువాత చివరిదాకా ఆమె నోరు తెరవలేదు. అవసరం లేకపోయింది.

కార్యక్రమం అయ్యాక టీచర్ అవ్వ రెండు చేతులూ పట్టుకుని, "నా నిశ్శబ్దాన్ని మొత్తం తినేశావు పాటీ," అంది. పాటీ అంటే తమిళంలో అవ్వ. నవ్వుతూనే అంది గానీ కొంచెం బాధ ఉంది, అది నాకు తెలుసు. అవ్వ ఆమె తలలో ఒక చామంతి పెట్టింది. కాలేజీ ఆవిడ వచ్చి నాయనను అడిగితే, "ఇంటికి పోయి చెప్తామమ్మా," అని దణ్ణం పెట్టాడు. నేను మా వాళ్ళతో పాటే టెంపో ఎక్కాను. అమ్మ ముందు చేసిన పని నా జడలో పూలు పెట్టడం.

అత్తిబెలె దగ్గర టీ కోసం ఆగేదాకా ఎవరూ అసలు సంగతి ఎత్తలేదు.

"ఏమి పిల్లోళ్ళమ్మా వాళ్ళు," అంది అవ్వ గ్లాసు ఊదుకుంటూ. "పాప ఎత్తుకుంటే నోళ్ళు కుట్టేసినట్ల నిలబడి ఉండారు. నేను లేచినాను కాబట్టి సరిపోయింది."

చిన్నవ్వ రోడ్డు మీద పోయే లారీలతో చెప్పినట్టు చెప్పింది. "లేచేది ఆలస్యమయింది. ఇంకొంచెం ఉంటే నేనే లేచేదాన్ని."

"ఎవరో ఏమో అంటాండారు, అడుగమ్మా," అంది అవ్వ మా అమ్మతో.

నాయన ఖాళీ గ్లాసు కింద పెట్టాడు. "మొదటిసారి అందుకోలేదు, నిజమే. రెండోసారి వాళ్ళే అందుకునిరి గదా. తెలుగు రానోళ్ళు గూడా అందుకునిరి." నా వైపు తిరిగాడు. "పో పాపా. ఆడ నీకు మనుషులుండారు."

అంతే. బండి స్టార్టు చేసి, ఏనుగులొచ్చే వేళవుతుందని తొందరపెట్టాడు. పొద్దు గూకకముందే ఊరు చేరాం. ఆ ఇద్దరు తోడికోడళ్ళు టెంపో దిగి చెరో దారి పట్టారు.

అమ్మ పోయింది. అవ్వ, చిన్నవ్వ కూడా ఇప్పుడు లేరు. వాళ్ళ గట్టు కూడా లేదు. రెండు చేలూ కలిపి తమ్ముడు తెల్ల ప్లాస్టిక్ కప్పు కింద రోజాలు పెంచుతున్నాడు. బాగా పెంచుతున్నాడు. చల్లటి వ్యాన్లు ఇంటి ముందుకే వచ్చి తీసుకుపోతాయి. కలుపు మొలవకుండా నేల మీద షీటు పరుస్తారు గనుక కలుపు తీసే వరసలు లేవు, వరసలు లేవు గనుక పాటా లేదు. పనికి ఎక్కడెక్కడి నుంచో వచ్చిన పిల్లలు చెవుల్లో ఎవరి పాట వాళ్ళు వింటూ చేస్తారు. నేను పాత రోజుల కోసం కన్నీళ్ళు పెట్టుకునే రకం కాదు. కలుపు తీస్తే నడుములు ఎలా విరిగేవో నాకు గుర్తుంది. కానీ ఒక సంగతి మాత్రం తలకిందులైంది. బెంగుళూరులో నా క్లాసులో నేను ఎత్తుకుంటే పది భాషల పిల్లలు రోజూ అందుకుంటున్నారు. నాయన ఆనాడు అడిగిన ప్రశ్న ఇప్పుడు మా చేలో నిలబడి అడగాలి.

ఆదివారం పొద్దున పాత ఇనుము వాళ్ళు లారీ తెచ్చి టెంపోను గొలుసులతో పైకెక్కించారు. నాయన గోడకు ఆనుకుని నిలబడి చూస్తున్నాడు. లారీ కదిలింది. "ఎత్తుకో పాపా," అన్నాడు ఉన్నట్టుండి. ఏ పాట అని నేను అడగలేదు. ఉన్న గొంతంతా పెట్టి ఎత్తుకున్నాను. "కొండమీది మబ్బమ్మా, కొంచెమాగి పోవమ్మా." రోజాల మధ్య నుంచి పనివాళ్ళు తలలెత్తి చూశారు. తమ్ముడు ఫోను చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. ఎవరూ పలకలేదు. గ్రేస్ టీచర్ వింటే సంతోషించేంత నిశ్శబ్దం. అప్పుడు నాయన గోడ వదిలి, నిటారుగా నిలబడి, పగిలిన గొంతుతో అందుకున్నాడు. "ఆగి పోవమ్మా, మా చేను తడిపి పోవమ్మా." నేను రెండో చరణం ఎత్తుకున్నాను. లారీ మలుపు దగ్గరికి చేరేసరికి తమ్ముడు ఫోను జేబులో పెట్టుకుని తనూ అందుకున్నాడు.